మెంటారా, స్పాన్సరా, సొంత గ్రూపా? ఆడవాళ్ళ కెరీర్‌కి ఏ నెట్‌వర్క్ ఎప్పుడు పనికొస్తుంది

కెరీర్‌లో ముందుకెళ్ళాలంటే నెట్‌వర్క్ ఉండాలి అని అందరూ చెప్తారు, నిజమే, కానీ ఆ ఒక్క మాట కింద కనీసం అరడజను వేరువేరు సంగతులు ఉన్నాయి. ఆఫీసులో విమెన్స్ గ్రూప్ ఉంటుంది, ఎవరో ఒక మెంటార్ ఉంటారు, బయట పెద్ద పెద్ద కమ్యూనిటీలు ఉంటాయి, ఫీజు కట్టి చేరే మెంబర్‌షిప్‌లు ఉంటాయి, లింక్డ్‌ఇన్ ఉంటుంది, ఎప్పుడో కలిసి పనిచేసిన పాత కొలీగ్స్ ఉంటారు. ఇవన్నీ ఒకే పని చెయ్యవు. ఒకదాని దగ్గరికెళ్ళి ఇంకోదాని ఫలితం ఆశించి, ఏళ్ళ తరబడి మీటింగులకి తిరిగి చివరికి "నాకు ఈ నెట్‌వర్కింగ్ అచ్చిరాలేదు" అని వదిలేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళలో లోపమేం లేదు, వాళ్ళ అవసరం ఒకటి, వాళ్ళు వెళ్ళిన చోటు ఇచ్చేది ఇంకొకటి.

ముందు మీకు అడ్డం పడుతున్నది ఏంటి

నా లెక్కలో ఇబ్బందులు మూడు రకాలు. మొదటిది సమాచారం అందకపోవడం, అంటే బయట ఎక్కడ పోస్టులు ఖాళీ అవుతున్నాయో, మీరు చేసే పనికి వేరే కంపెనీల్లో ఎంత ఇస్తున్నారో, ఏ స్కిల్‌కి ఇప్పుడు గిరాకీ ఉందో మీ చెవిన పడట్లేదు. రెండోది తోడు లేకపోవడం. మీటింగ్‌లో మీరు చెప్పిన పాయింట్‌ని ఎవరూ పట్టించుకోరు, కాసేపాగి అదే మాట ఇంకో ఆయన అంటే అందరూ తలూపుతారు, ఇది నాకొక్కదానికే జరుగుతుందా అందరికీనా, జరిగినప్పుడు ఏం చెయ్యాలి అని అడుగుదామంటే మనిషి ఉండరు. మూడోది ఇంకా గట్టిది: పని బాగా చేస్తున్నారు, ఆ సంగతి మేనేజర్‌కీ తెలుసు, కానీ ప్రమోషన్లూ మంచి ప్రాజెక్టులూ డిసైడయ్యే గదిలో మీ పేరు ఎత్తేవాళ్ళు ఒక్కరూ లేరు.

సమాచారానికి దూరపు పరిచయాలు కావాలి, తోడుకి దగ్గరి మనుషులు కావాలి, పేరు ఎత్తడానికి ఆ గదిలో కుర్చీ ఉన్నవాళ్ళు కావాలి. చాలామందికి ఈ మూడూ తలా కొంచెం ఉంటాయి, అయినా సరే ఈ ఏడాదికి దేని వల్ల ఎక్కువ నష్టపోతున్నారో ఒక్కటి తేల్చుకోండి, మిగతాదంతా దాన్ని బట్టే చదవండి.

నలుగురైదుగురితో సొంత గ్రూప్

ఎక్కడ మొదలుపెట్టాలి అని నన్నడిగితే నేను ఇదే చెప్తాను, ఎందుకంటే దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఫీజు లేదు, ఫలితం మీద మంచి ఆధారం కూడా ఉంది. 2019లో అమెరికాలో ఒక పెద్ద రీసెర్చ్ బయటికొచ్చింది, ఒక టాప్ బిజినెస్ స్కూల్‌లో చదివిన 700 మందికి పైగా స్టూడెంట్స్ చదువుకునే రోజుల్లో ఒకరికొకరు పంపుకున్న సుమారు 45 లక్షల ఈమెయిల్స్‌లో, పేర్లు తీసేసి, ఎవరు ఎవరితో ఎక్కువ టచ్‌లో ఉన్నారో చూసి, తర్వాత వాళ్ళకి ఏ స్థాయి ఉద్యోగాలొచ్చాయో దానితో పోల్చారు. మగవాళ్ళకి, అందరితో పరిచయాలున్న మనుషులతో తమకీ పరిచయం ఉంటే చాలు, మంచి పోస్టులొచ్చాయి. ఆడవాళ్ళకి అదొక్కటే సరిపోలేదు. ఆ విస్తృతమైన పరిచయాలతో పాటు, ఎక్కువగా ఆడవాళ్ళే ఉన్న ఇద్దరు ముగ్గురి దగ్గరి బృందం కూడా ఉన్నవాళ్ళకి, ఆ రెండూ లేనివాళ్ళతో పోలిస్తే హోదాలోనూ జీతంలోనూ రెండున్నర రెట్లు మెరుగైన ఉద్యోగాలొచ్చాయి. అచ్చం మగవాళ్ళలాంటి నెట్‌వర్క్ పెట్టుకున్న ఆడవాళ్ళు మాత్రం అందరికన్నా వెనకబడ్డారు.

కారణం ఊహించడం కష్టం కాదు. ఫలానా కంపెనీలో ఆడవాళ్ళని ఎలా చూస్తారు, ఇంటర్వ్యూలో ఎలాంటి ప్రశ్నలు వేస్తారు, ఆ మేనేజర్ కింద పనిచేస్తే నిజంగా ఎదగనిస్తాడా, బిడ్డ పుట్టాక తిరిగొచ్చినవాళ్ళకి అదే పని ఇచ్చారా లేక పక్కన కూర్చోబెట్టారా, ఇవి ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండవు, దగ్గరివాళ్ళే చెప్తారు.

అదే రీసెర్చ్‌లో ఇంకో ముక్క ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ దగ్గరి బృందంలోని ఆడవాళ్ళ బయటి పరిచయాలు ఒకరివి ఒకరితో పెద్దగా కలవకుండా ఉన్నప్పుడే లాభం ఎక్కువ. అంటే ఒకే టీమ్‌లో, ఒకే ఫ్లోర్‌లో కూర్చునే నలుగురు కలిసి గ్రూప్ పెట్టుకుంటే ఒకరికి తెలిసిందే మిగతావాళ్ళకీ తెలిసి ఉంటుంది, మాట్లాడుకోవడానికి బాగుంటుంది కానీ కొత్త కబురు ఏదీ లోపలికి రాదు. కాబట్టి ఒకరు మీ కంపెనీ నుంచి ఉన్నా మిగతావాళ్ళు వేరే కంపెనీలు, కుదిరితే వేరే రంగాల నుంచి ఉండేలా చూసుకోండి, ఒకరు మీకన్నా నాలుగైదేళ్ళు సీనియర్ అయితే ఇంకా మంచిది.

ఎలా నడపాలి అంటే, నేను చూసినవాటిలో నిలబడ్డ గ్రూపులన్నిట్లో ఒక పోలిక ఉంది, ప్రతిసారీ ఒకళ్ళకే ఎక్కువ టైమ్ ఇస్తారు. నెలకోసారి గంటో గంటన్నరో కలుస్తారు, అందులో సగం టైమ్ ఒకరి సమస్య మీదే. ఉదాహరణకి వచ్చే వారం అప్రైజల్ ఉన్నావిడ, మేనేజర్‌తో చెప్పబోయేది రాసుకొచ్చి చదువుతుంది అనుకోండి: "ఈ ఏడాది టీమ్‌కి చాలా సపోర్ట్ చేశాను, కొత్తవాళ్ళకి నేర్పించాను, క్లయింట్ కూడా హ్యాపీగా ఉన్నారు." రెండో వాక్యం దగ్గరే పక్కనావిడ ఆపుతుంది, "సపోర్ట్ అంటే ఏంటి? కొత్తగా చేరినవాళ్ళు ఇదివరకు ఎన్నాళ్ళకి సొంతంగా పని చేసేవాళ్ళు, నువ్వు నేర్పించాక ఎన్నాళ్ళకి చేస్తున్నారు? క్లయింట్ కాంట్రాక్ట్ పొడిగించాడా? అయితే అది మొదట చెప్పు." ఇంకొకావిడ మేనేజర్ పాత్ర తీసుకుని "నువ్వు ఇంకా రెడీగా లేవేమో అనిపిస్తుంది" అని కావాలని అంటుంది, దానికి ఈవిడ అక్కడే జవాబు ప్రాక్టీస్ చేస్తుంది, మొదటిసారి తడబడుతుంది, మూడోసారికి "రెడీ అనడానికి మీరు ఏం చూస్తారో చెప్పండి, వాటిల్లో నేను చేసినవి ఇవి" అని నిలబడి అడగగలుగుతుంది. ఈ పని ఏ ఐదొందలమంది వాట్సాప్ గ్రూపూ చెయ్యలేదు.

రూల్స్ రెండు మూడు చాలు. ఇక్కడ విన్నది బయటికి పోకూడదు, స్క్రీన్‌షాట్లు అసలే వద్దు, ఎందుకంటే జీతాలు, మేనేజర్ల పేర్లు, ఇంటర్వ్యూల కబుర్లు అన్నీ వస్తాయి. వరసగా రానివాళ్ళని మొహమాటపడకుండా ఉంటారా లేదా అని అడగండి. కలిసిన ప్రతిసారీ చివర్లో ఒక్కొక్కరూ వచ్చే నెలలోపు చేసే ఒక పని చెప్పాలి, లేకపోతే నెమ్మదిగా అది ఆఫీసుల మీద కోపం తీర్చుకునే చోటుగా మారిపోతుంది, కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ గంటన్నర అయ్యాక లేచినప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ఒకే ఆఫీసులో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిస్తే చెయ్యగలిగే పని ఒకటుంది, దానికి ఆంప్లిఫికేషన్ అని పేరు. ఒబామా ప్రెసిడెంట్‌గా ఉన్న మొదటి విడతలో వైట్‌హౌస్‌లో పనిచేసిన ఆడవాళ్ళు దీన్ని పాటించారని 2016లో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. ఒకావిడ మీటింగ్‌లో ముఖ్యమైన పాయింట్ చెప్తే ఇంకొకావిడ అదే మాటని, చెప్పినావిడ పేరుతో సహా మళ్ళీ చెప్పేది, దాంతో ఆ ఐడియా ఎవరిదో గదిలో అందరికీ రిజిస్టర్ అయ్యేది, ఇంకొకరు ఎత్తుకుపోవడానికి వీలుండేది కాదు. రేపటి మీటింగ్‌లోనే మొదలుపెట్టొచ్చు, దీనికి కావాల్సింది ముందే మాట్లాడుకున్న ఒక్క మనిషి.

ఈ గ్రూప్ చెయ్యలేనిది కూడా చెప్పాలి. మీ స్థాయివాళ్ళే ఉన్నప్పుడు మిమ్మల్ని వాళ్ళు పైకి లాగలేరు, లాగే అధికారం వాళ్ళ దగ్గర లేదు. దానికి వేరే మనిషి కావాలి.

మెంటార్‌కీ స్పాన్సర్‌కీ చాలా దూరం

ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం వల్ల జరిగే నష్టం మిగతా అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం. మెంటార్ మీతో మాట్లాడతారు. స్పాన్సర్ మీ గురించి, మీరు లేని చోట మాట్లాడతారు. మెంటార్ సలహా ఇస్తారు, స్పాన్సర్ తన పరపతిని మీ మీద పెడతారు, రేపు మీరు ఆ పని చెడగొడితే ఆయన మాటకి కూడా విలువ తగ్గుతుంది, అందుకే స్పాన్సర్ దొరకడం అంత కష్టం.

క్యాటలిస్ట్ అనే సంస్థ 2008లో 4,000 మందికి పైగా ఉద్యోగుల్ని, అందరూ పైకి వస్తారని కంపెనీలు గుర్తించినవాళ్ళే, సర్వే చేసింది. మెంటార్లు ఉన్నారని చెప్పినవాళ్ళు ఆడవాళ్ళలో 83 శాతం, మగవాళ్ళలో 76 శాతం. అంటే మెంటార్ల విషయంలో ఆడవాళ్ళే ముందున్నారు. 2010లో మళ్ళీ చూస్తే మగవాళ్ళకి 15 శాతం ఎక్కువ ప్రమోషన్లు వచ్చాయి. తేడా ఎక్కడంటే మగవాళ్ళ మెంటార్లు ఎక్కువగా పై స్థాయిలో ఉన్నవాళ్ళు, వాళ్ళు సలహాతో ఆపకుండా పేరు ఎత్తేవాళ్ళు.

కాబట్టి ఇప్పటికే ఇద్దరు మెంటార్లు ఉండి, ఇద్దరూ మంచి సలహాలిస్తూ ఉండి, మీరు ఉన్నచోటే ఉంటే మూడో మెంటార్‌ని వెతక్కండి. అదే మీరు కొత్త పనిలోకి మారారు, ఆ పని నేర్పేవాళ్ళు కావాలి, ఎవరితో ఎలా మెలగాలో తెలియట్లేదు అంటే మెంటార్ సరైన మనిషే, స్పాన్సర్‌తో అప్పుడు పనిలేదు.

స్పాన్సర్‌ని ఎలా సంపాదించాలి? "సార్, నాకు స్పాన్సర్‌గా ఉంటారా" అని అడిగితే చాలామంది ఇబ్బంది పడతారు, పాపం వాళ్ళకి మీ పని తెలియదు కదా. నాకు తెలిసిన దారి ఏంటంటే, మీ మేనేజర్ పైన ఉన్నవాళ్ళకి పనికొచ్చే ఒక ప్రాజెక్ట్‌లో, చిన్నదైనా సరే, వాళ్ళకి నేరుగా కనపడే భాగం తీసుకోవడం, అది టైమ్‌కి ఇవ్వడం, ఇచ్చాక రెండు లైన్లలో ఫలితం రాసి పంపడం. ఇలా రెండు మూడు సార్లయ్యాక ఏం కావాలో సూటిగా అడగండి: "వచ్చే క్వార్టర్‌లో టీమ్ లీడ్ పోస్ట్ వస్తుందని విన్నాను. నేను దానికి పోటీ పడాలనుకుంటున్నాను. మీకు నా పని తెలుసు కాబట్టి, డిస్కషన్‌లో నా పేరు చెప్పగలరా? చెప్పలేను అనుకుంటే ఏం తక్కువుందో చెప్పండి." ఈ ఆఖరి వాక్యం తప్పకుండా ఉండాలి, ఎందుకంటే కాదనడానికి అవతలివాళ్ళకి మర్యాదైన దారి దొరుకుతుంది, మీకు అసలు కారణం తెలుస్తుంది.

ఇంకోటి, స్పాన్సర్ సంగతి సీనియర్ అయ్యాక చూసుకుందాం అని వాయిదా వెయ్యకండి. ఆడవాళ్ళ కోసం పనిచేసే లీన్ ఇన్ అనే సంస్థ, మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ కలిసి అమెరికా కంపెనీల మీద ఏటా వేసే రిపోర్ట్‌లో 2024 లెక్క ప్రకారం కింది స్థాయి నుంచి మేనేజర్‌గా ప్రమోట్ అయిన ప్రతి 100 మంది మగవాళ్ళకి ఆడవాళ్ళు 81 మందే. అంటే తేడా మొదటి మెట్టు దగ్గరే మొదలవుతుంది, అక్కడ ఆగిపోయినవాళ్ళు పై మెట్ల దాకా రానే రారు.

ఆఫీసులో ఉండే విమెన్స్ గ్రూప్

చాలా కంపెనీల్లో ఈఆర్‌జీలు (ఎంప్లాయీ రిసోర్స్ గ్రూపులు) అని ఉంటాయి, ఉద్యోగులే నడిపే గ్రూపులు, ఈ పద్ధతి 1970లో జెరాక్స్ కంపెనీలో నల్లజాతి ఉద్యోగులు పెట్టుకున్న గ్రూప్‌తో మొదలైందని చెప్తారు. మంచిగా నడిస్తే వీటి వల్ల వచ్చే లాభం వేరే చోట రాదు, వేరే డిపార్ట్‌మెంట్ వాళ్ళు తెలుస్తారు, లోపల ఎక్కడ ఖాళీలున్నాయో తెలుస్తుంది, పై స్థాయివాళ్ళు మీ పేరు వింటారు, పాలసీ మార్చమని నలుగురూ కలిసి అడిగితే ఒక్కరు అడిగినట్టు ఉండదు.

కానీ చేరడానికీ నడపడానికీ తేడా చూసుకోండి. లిండా బాబ్‌కాక్ అనే ఎకనామిస్ట్, ఇంకొందరు కలిసి 2017లో ఒక రీసెర్చ్ పేపర్ వేశారు, ఎవరో ఒకరు చెయ్యాల్సిన, చేసినవాళ్ళకి మాత్రం పేరు రాని పనులు ఎవరి నెత్తిన పడుతున్నాయి అని. వాళ్ళ ప్రయోగాల్లో ఆడా మగా కలిసున్న గ్రూపుల్లో అలాంటి పనికి ఆడవాళ్ళు 48 శాతం ఎక్కువగా ముందుకొచ్చారు, ఎవరినో ఒకరిని అడగాల్సొస్తే ఆడవాళ్ళనే 44 శాతం ఎక్కువగా అడిగారు. ఇప్పుడు ఆలోచించండి, విమెన్స్ గ్రూప్ ఈవెంట్లు ప్లాన్ చెయ్యడం, స్పీకర్లని పిలవడం, పోస్టర్లు, ఈమెయిల్స్, ఇదంతా కూడా సరిగ్గా అలాంటి పనే, మీ అసలు పని టైమ్ తింటుంది, అప్రైజల్‌లో ఒక లైన్ కూడా ఉండదు.

అందుకని నడిపే బాధ్యత మీద పడితే మూడు అడగండి: దీనికి బడ్జెట్ ఉందా, పై స్థాయిలో ఒకరు దీనికి బాధ్యులుగా ఉండి మీటింగులకి నిజంగా వస్తున్నారా, నా సంవత్సరం లక్ష్యాల్లో దీన్ని రాస్తారా. మూడిటికీ లేదు అనే జవాబొస్తే మెంబర్‌గా ఉండండి, మీకు పనికొచ్చే సెషన్‌కి వెళ్ళండి, నడపడం మాత్రం ఒప్పుకోకండి. ఉంది అంటే ఒప్పుకోవడం మంచి అవకాశమే, ఎందుకంటే డైరెక్టర్ స్థాయి వాళ్ళతో నేరుగా మాట్లాడే సాకు వేరే ఏ పనిలోనూ అంత తేలిగ్గా దొరకదు.

ఇంకో పరిమితి కూడా ఉంది, ఈ గ్రూప్ కంపెనీది. ఉద్యోగం మారాలనుకుంటున్నాను, నా మేనేజర్‌తో గొడవ అయ్యింది లాంటివి ఇక్కడ మాట్లాడొద్దు. వేధింపుల విషయమైతే దానికి కంపెనీలో ఉండే అధికారిక కమిటీయో, లాయరో సరైన దారి, గ్రూప్ చాట్ కాదు.

బయటి పెద్ద కమ్యూనిటీలు, ఫీజు కట్టే మెంబర్‌షిప్‌లు

వీటి చరిత్ర చూస్తే నాకు చాలా గౌరవం. సొసైటీ ఆఫ్ విమెన్ ఇంజనీర్స్ 1950లో మొదలైంది. 1987లో అనితా బోర్గ్ అనే కంప్యూటర్ సైంటిస్ట్, తన రంగంలో ఉన్న కొద్దిమంది ఆడవాళ్ళని ఒక్కచోట చేర్చడానికి సిస్టర్స్ అనే ఈమెయిల్ లిస్ట్ పెట్టింది, ఆవిడే 1994లో టెలీ విట్నీతో కలిసి గ్రేస్ హాపర్ సెలబ్రేషన్ అనే కాన్ఫరెన్స్ మొదలుపెట్టింది, అది తర్వాత వేలమంది వచ్చే స్థాయికి పెరిగింది. ఒక పెద్ద సంస్థలో ఆడవాళ్ళు ఒకరో ఇద్దరో మాత్రమే ఉన్న కాలంలో, నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు అని తెలియడమే ఎంత బలం ఇచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వీటి వల్ల వచ్చేది ముఖ్యంగా సమాచారం, స్కిల్, ఉద్యోగ అవకాశాలు. కాన్ఫరెన్స్‌కి వెళ్తే స్టేజ్ మీద స్పీచ్‌ల కన్నా చిన్న వర్క్‌షాపులకి టైమ్ ఇవ్వండి, అక్కడ పక్కన కూర్చున్నవాళ్ళతో ఒక పని చేస్తారు, చేసినవాళ్ళు గుర్తుంటారు. ఇంకా మంచి దారి వాలంటీర్‌గా చేరి ఒక చిన్న బాధ్యత తీసుకోవడం, అది కూడా ఆరు నెలలు అని ముందే గడువు పెట్టుకుని.

దీని మీదే పూర్తిగా ఆధారపడకండి అని ఎందుకంటానంటే, 2011లో మొదలై వందకు పైగా దేశాలకి విస్తరించిన విమెన్ హు కోడ్ అనే సంస్థ 2024 ఏప్రిల్‌లో నిధులు లేక మూసేస్తున్నామని ప్రకటించింది. అక్కడ పరిచయమైనవాళ్ళని విడిగా నలుగురిని దగ్గర చేసుకున్నవాళ్ళకి ఆ మనుషులు మిగిలారు, కేవలం ప్లాట్‌ఫామ్ మీదే ఉన్నవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఏ కమ్యూనిటీలో చేరినా మొదటి కొన్ని నెలల్లోనే, విడిగా మాట్లాడుకునే మనుషుల్ని ఇద్దరినైనా సంపాదించండి.

ఫీజు కట్టేవాటి గురించి ఎక్కువ చెప్పను. చేరే ముందు ఇప్పటికే ఉన్న మెంబర్స్‌లో ఇద్దరితో, ఆ సంస్థ చూపించినవాళ్ళతో కాకుండా మీరే వెతికి పట్టుకున్నవాళ్ళతో మాట్లాడండి, గత ఏడాదిలో దీని వల్ల ఏం మారింది అని అడగండి. మీ స్థాయివాళ్ళతో చిన్న బృందంలో కూర్చోబెట్టి, నడిపించడానికి అనుభవం ఉన్న కోచ్‌ని పెడుతున్నారంటే కొంత విలువ ఉంది, ముఖ్యంగా మీరు బాగా పై స్థాయిలో ఉండి ఆఫీసులో మనసు విప్పి మాట్లాడే వీల్లేనప్పుడు. వెబినార్లు, డైరెక్టరీ, సర్టిఫికెట్ మాత్రమే అయితే అక్కర్లేదు. కంపెనీ లెర్నింగ్ బడ్జెట్ నుంచి కట్టమని అడగడం మర్చిపోకండి.

లింక్డ్‌ఇన్, పాత కొలీగ్స్

ఉద్యోగం మారాలన్నదే మీ అవసరమైతే దగ్గరివాళ్ళ కన్నా దూరపు పరిచయాలే ఎక్కువ పనికొస్తాయి. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లోనే ఇది చూపించాడు, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని అడిగితే తరచూ కలిసే మనిషి ద్వారా దొరికింది అన్నవాళ్ళు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవాళ్ళ ద్వారా 55.6 శాతం, అరుదుగా కలిసేవాళ్ళ ద్వారా 27.8 శాతం. దగ్గరివాళ్ళకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది కదా. 2022లో లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా యూజర్ల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి, వాటిలోనూ మరీ దగ్గరా కాకుండా మరీ పరాయీ కాకుండా మధ్యస్తంగా ఉన్న పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చాయని తేలింది. కాబట్టి ముక్కూ మొహం తెలియని వెయ్యిమందికి రిక్వెస్టులు పంపడం కన్నా, ఒకసారి ఒక ప్రాజెక్ట్‌లో పనిచేసినవాళ్ళు, కాలేజీలో వేరే బ్రాంచ్ వాళ్ళు, ట్రైనింగ్‌లో కలిసినవాళ్ళు, వీళ్ళని వెతకండి.

బ్రేక్ తీసుకుని మళ్ళీ పనిలోకి రావాలనుకునే ఆడవాళ్ళకి నేను ముందు చెప్పేది ఇదే. చాలామంది "ఇన్నేళ్ళు పలకరించకుండా ఇప్పుడు అవసరానికి ఎలా అడుగుతాం" అని ఆగిపోతారు. డేనియల్ లెవిన్, ఇంకో ఇద్దరు రీసెర్చర్లు 2011లో ప్రచురించిన స్టడీలో, మూడేళ్ళకి పైగా మాటల్లేని పాత పరిచయాలని ఒక పని విషయంలో సలహా అడగమని ఎగ్జిక్యూటివ్‌లకి చెప్పారు, వాళ్ళకి అందిన సలహా ఇప్పుడు టచ్‌లో ఉన్నవాళ్ళు ఇచ్చేదానికి ఏమీ తీసిపోలేదు, పైగా కొత్త విషయాలు ఎక్కువ వచ్చాయి. పాత నమ్మకం అలాగే ఉంటుంది, ఈ మధ్యకాలంలో వాళ్ళు వేరే చోట్ల వేరేవి నేర్చుకుని ఉంటారు.

మెసేజ్ పొడుగ్గా వద్దు, క్షమాపణలతో మొదలుపెట్టొద్దు. ఇలా రాస్తే చాలు: "హాయ్, మనం బిల్లింగ్ ప్రాజెక్ట్‌లో కలిసి పనిచేశాం, గుర్తున్నానా? ఆ లాంచ్ ముందు రాత్రి నువ్వు రిపోర్ట్ సరిచేసి ఇవ్వకపోతే మా పని అయ్యేది కాదు, అది నేనింకా మర్చిపోలేదు. నేను నాలుగేళ్ళ బ్రేక్ తర్వాత డేటా అనాలిసిస్ వైపు రావాలనుకుంటున్నాను. మీ దగ్గర ఈ పనికి ఇప్పుడు ఏ టూల్స్ వాడుతున్నారో తెలుసుకోవాలి, వచ్చే వారం ఒక పదిహేను నిమిషాలు మాట్లాడగలవా?" ఉద్యోగం ఇప్పించమని ఇందులో ఎక్కడా లేదు, జవాబు చెప్పడం తేలికైన ఒక ప్రశ్న ఉంది. మాట్లాడాక చాలాసార్లు వాళ్ళే అంటారు, మా దగ్గర ఒక ఓపెనింగ్ ఉంది రెజ్యూమే పంపు అని.

ఆడవాళ్ళతోనేనా, అందరితోనా

రెండూ కావాలి, అయితే రెండిటి నుంచీ ఒకటే ఆశించకండి. హెర్మీనియా ఇబార్రా అనే రీసెర్చర్ 1992లో ఒక అడ్వర్టైజింగ్ కంపెనీ మీద చేసిన స్టడీలో, మగవాళ్ళకి స్నేహమూ పని సాయమూ రెండూ మగవాళ్ళ నుంచే దొరికితే, ఆడవాళ్ళు స్నేహానికీ తోడుకీ ఆడవాళ్ళ దగ్గరికీ, పనికి సంబంధించిన విషయాలకి మగవాళ్ళ దగ్గరికీ వెళ్ళాల్సి వచ్చింది. అంటే ఆడవాళ్ళు రెండు నెట్‌వర్కులు నడపాలి, అది అదనపు శ్రమే, అన్యాయమే, కానీ పై పోస్టుల్లో మగవాళ్ళే ఎక్కువున్న చోట ఆడవాళ్ళ గ్రూపులతోనే సరిపెట్టుకుంటే అధికారానికి దూరంగా ఉండిపోతాం. మగ సీనియర్లతో ఆఫీస్ టైమ్ తర్వాత కలవడం ఇబ్బంది అనిపిస్తే పగలే, ఆఫీసులోనే, పని పేరు మీదే అరగంట అడగండి, అలా అడిగితే ఎవరూ వింతగా చూడరు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఆఫీస్ గ్రూప్‌లో మెంబర్‌షిప్, పని నేర్పే ఒక మెంటార్ చాలు, రెండో ఏడాది నుంచి మాత్రం మేనేజర్ పైవాళ్ళకి కనపడే పని వెతకడం మొదలుపెట్టండి. ఐదు నుంచి పదేళ్ళ అనుభవం ఉండి ఒకే చోట ఆగిపోయారంటే సలహాలు ఇంక చాలు, స్పాన్సర్ మీదే దృష్టి పెట్టండి, మాటలు ప్రాక్టీస్ చెయ్యడానికి సొంత గ్రూప్ ఉంచుకోండి. టీమ్‌లో మీరొక్కరే ఆడమనిషి అయితే బయటి కమ్యూనిటీకి మొదటి చోటు ఇవ్వండి, అక్కడి నుంచే సొంత గ్రూప్‌కి మనుషులు దొరుకుతారు. సొంతంగా పని చేసుకునేవాళ్ళకి, ఫ్రీలాన్సర్లకి ప్రమోషన్ గదే లేదు కాబట్టి స్పాన్సర్ అంటే మిమ్మల్ని ఇంకో క్లయింట్‌కి చెప్పే పాత క్లయింటే, వాళ్ళతో పని అయిపోయాక కూడా మూడు నాలుగు నెలలకోసారి మాట్లాడుతూ ఉండండి, రేట్ల సంగతి తెలియడానికి అదే పని చేసే ఇద్దరు ముగ్గురు ఉండాలి.

నెలకి రెండు గంటలకన్నా దొరకదు అనేవాళ్ళు, ఇల్లూ పిల్లలూ పెద్దవాళ్ళూ అన్నీ మీద ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళు ఈవెంట్లన్నీ వదిలెయ్యండి. గంటన్నర సొంత గ్రూప్‌కి, మిగతా అరగంట ఇద్దరు పాత కొలీగ్స్‌కి మెసేజ్‌లు. ఇంకేం పెట్టుకోకండి, అపరాధ భావం కూడా వద్దు.

ఏది ఎంచుకున్నా ఆరు నెలలకోసారి ఒకటే ప్రశ్న వేసుకోండి, దీని వల్ల నాకు కొత్తగా ఏం తెలిసింది లేదా ఎవరు నా కోసం ఏం చేశారు, నేను ఎవరికి ఏం చేశాను. ఏదీ గుర్తు రాకపోతే మర్యాదగా చెప్పి బయటికి రండి, సైలెంట్‌గా మాయమవ్వకండి, ఎందుకంటే రేపు ఆ మనుషులే మీ పాత పరిచయాలు అవుతారు. ఎవరైనా మీ పేరు ఎక్కడైనా చెప్తే, రెజ్యూమే ఫార్వర్డ్ చేస్తే, ఒక నంబర్ ఇస్తే ఆ పని ఏమైందో వాళ్ళకి తప్పకుండా చెప్పండి, రాకపోయినా చెప్పండి. "ఫైనల్ రౌండ్ దాకా వెళ్ళాను, వేరేవాళ్ళని తీసుకున్నారు, మీరు చెప్పడం వల్లే అక్కడిదాకా వెళ్ళగలిగాను" అని రెండు లైన్లు పెడితే, ఇంకో ఓపెనింగ్ వాళ్ళ కంట పడినప్పుడు ముందు గుర్తొచ్చేది మీ పేరే.